మేనమామ రక్తంలో దొరికిన జవాబు: వలస గొత్తికోయ బాలుడిలో ప్రైమాక్విన్ తర్వాత నల్లమూత్రం

ఈ కేసులో మనిషినీ ఊరినీ గుర్తుపట్టే వివరాలు తీసేశాం. జిల్లా భద్రాద్రి కొత్తగూడెం, సరిహద్దుకు ఆనుకుని ఉన్న మండలం. ఏజెన్సీలో పనిచేసే వైద్యాధికారులకు, ఏఎన్ఎంలకు, ఆశాలకు పనికొస్తుందని, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో దాచకుండా రాస్తున్నాం. ఇందులో మూడు పెద్ద తప్పులు వైద్య సిబ్బందివే.

నేపథ్యం

2005లో బస్తర్‌లో సల్వాజుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం) మొదలయ్యాక ఇప్పటి బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల నుంచి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసుకుని ఆదివాసులు అప్పటి ఖమ్మం, వరంగల్, తూర్పుగోదావరి అడవుల్లోకి వచ్చారు. ఇక్కడివాళ్లు వాళ్లను గొత్తికోయలంటారు. వాళ్లలో ఎక్కువమంది తమను మురియాలని చెప్పుకుంటారు. 2011 జులైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం చట్టవిరుద్ధమని తేల్చినా, వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. అలాగని అక్కడితో తెగిపోనూ లేదు. పెళ్లికీ చావుకీ అటు వెళ్తారు, జనవరి నుంచి మిర్చి ఏరడానికి అటు బంధువులు ఇటు వస్తారు.

ఈ రాకపోకలే ఇక్కడి రోగాలకు రూపం ఇస్తున్నాయి. పక్క గూడెంలో మలేరియా తగ్గినా గొత్తికోయ గుంపులో, అంటే వాళ్ల ఆవాసంలో, ఎందుకు తగ్గదని సమీక్షల్లో అడుగుతుంటారు. కారణాలు ఒకదానిపై ఒకటి పేరుకుని ఉన్నాయి. గుంపులు వాగు పక్కనే వెలుస్తాయి, నెమ్మదిగా పారే తేటనీటిలో అనాఫిలస్ ఫ్లూవియాటిలిస్ దోమ పెరుగుతుంది. ఇళ్లకు వెదురు తడికలే గోడలు, అవీ చాలాచోట్ల సగం ఎత్తు వరకే, కాబట్టి పిచికారీ మందు అంటుకునే చోటు తక్కువ. దోమతెరలు జాబితాలో ఉన్న ఇళ్ల లెక్కన వస్తాయి, గుంపు జాబితాలో ఉండదు. పొలం దగ్గర కాపలాకూ ఇప్పపూల కాలంలో అడవిలోనూ ఆరుబయటే పడుకుంటారు. వీటికి తోడు తిండి చాలకపోవడం, మధ్యభారత ఆదివాసుల్లో ఎక్కువగా కనిపించే రెండు వంశపారంపర్య రక్తలోపాలు: సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోవడం), జీ6పీడీ లోపం (ఎర్రకణాలను కాపాడే ఎంజైము తక్కువవడం, ఇది ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్ లాంటి మందులతో కణాలు పగులుతాయి). ఒకే పిల్లవాడిలో ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో ఈ కేసు చూపిస్తుంది.

మొదటి రెండు జ్వరాలు

పిల్లవాడు మగపిల్లాడు. రిజిస్టరులో వయసు 10. జులైలో చలిజ్వరం వచ్చింది. ఆర్‌డీటీలో, అంటే రక్తపు చుక్కతో చేసే మలేరియా కిట్ పరీక్షలో, ఫాల్సిపారం (ప్రాణం మీదికి తెచ్చే మలేరియా రకం) గీత పడింది. 9 నుంచి 14 ఏళ్లవాళ్లకు ఇచ్చే ఎర్ర పాకెట్ ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిసిన మలేరియా మాత్రలు) మూడు రోజులు వేశారు. రెండో రోజు ఒక్కసారి ఇవ్వాల్సిన ప్రైమాక్విన్ అనే మలేరియా మాత్ర ఇచ్చినట్టు కార్డులో లేదు. ఇచ్చి ఉంటే ప్రమాదం అప్పుడే బయటపడేదేమో.

అయిదు వారాలకు, ఆగస్టు చివర్లో, మళ్లీ జ్వరం. ఈసారి ఫాల్సిపారం గీతా, వైవాక్స్ (ఇంకో మలేరియా రకం) గీతా రెండూ పడ్డాయి. మిశ్రమ ఇన్ఫెక్షన్ అని రాసి ఏసీటీ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు మొదలుపెట్టారు. రక్తపూత (స్లయిడు) తీశారు గానీ ఫలితం వారం తర్వాత వచ్చింది: వైవాక్స్ మాత్రమే. ఫాల్సిపారం గీత చూపేది హెచ్ఆర్‌పీ2 అనే ప్రొటీన్‌ను. పరాన్నజీవి చచ్చిపోయాక కూడా అది వారాల తరబడి రక్తంలో ఉంటుంది. నెలన్నర లోపు చికిత్స జరిగిన మనిషిలో ఆ గీతను చూసి కొత్త ఫాల్సిపారం అని తేల్చకూడదు, మందు పనిచేయలేదనీ అనుకోకూడదు. అక్కడ స్లయిడే ప్రమాణం.

దానికంటే పెద్దది, మూడింటిలో మొదటి తప్పు, వయసు దగ్గర జరిగింది. తల్లికి పుట్టిన ఏడాది తెలియదు, సర్వే చేసినవాళ్లు ఎత్తు చూసి 10 వేశారు. ఆ తర్వాత అదే అంకె ప్రతి కార్డులోకీ ఎక్కింది. వయసు పట్టిక ప్రకారం 9 నుంచి 14 ఏళ్లవాళ్లకు వైవాక్స్‌లో ప్రైమాక్విన్ రోజుకు 10 మిల్లీగ్రాములు, 5 నుంచి 8 ఏళ్లవాళ్లకు 5. పిల్లవాడి బరువు 18 కిలోలు. కిలోకు 0.25 చొప్పున అతనికి కావలసింది 4.5 మిల్లీగ్రాములు. అందింది 10, అంటే కిలోకు 0.56. రెట్టింపు కంటే ఎక్కువ. తర్వాత నోరు తెరిపించి చూస్తే నడిమి ముందుపళ్లు కొత్తవి, పైవరుసలో వాటి పక్కవి ఇంకా పాలపళ్లు. ఏడేళ్లు, మహా అయితే ఎనిమిది. వయసు తెలియని పిల్లలకు పళ్లు చూడడం మంచిదే, కానీ ప్రైమాక్విన్‌కు అది చాలదు. తూచి ఇవ్వాలి. స్ప్రింగు త్రాసు ప్రతి జ్వరం శిబిరానికీ వెళ్లాలి.

తల్లి ఆపేసిన మాత్ర

మూడో మాత్ర వేసిన సాయంత్రం మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. తల్లి నాలుగో మాత్ర వేయలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. మాత్రలు వేయనందుకు కోప్పడతారన్న భయం ఆమెది. నాలుగో రోజు ఇంటికి వెళ్లిన కార్యకర్త పాకెట్లో మాత్రలు మిగిలి ఉండడం చూసి ‘మందు మానేశారు’ అని రాసి వచ్చారు. పిల్లవాడు లోపల చాప మీద పడుకుని ఉన్నాడు. అయిదో రోజు సంతకు మోసుకొచ్చినప్పుడు ఏఎన్ఎం కనురెప్ప కిందికి లాగి చూసి వెంటనే అంబులెన్స్ పిలిచారు.

మందు మానేసినవాళ్లను చూడగానే అడగాల్సింది ‘ఎందుకు మానేశారు’ అని కాదు. ఆ ప్రశ్నలోనే నేరం మోపడం ఉంటుంది. ‘మాత్ర వేశాక ఒంట్లో ఏం మారింది, మూత్రం ఏ రంగులో వచ్చింది’ అని అడగాలి. ఈ తల్లి ఆ రోజు మాత్ర ఆపడమే పిల్లవాడిని బతికించింది.

ఆసుపత్రిలో

హిమోగ్లోబిన్ 4.6, శిబిరంలో తీసినప్పుడు 8.4. నాడి నిమిషానికి 148. కళ్లు పచ్చగా ఉన్నాయి. ప్లీహం, అంటే ఊళ్లో బల్ల అనేది, పక్కటెముకల కింద నాలుగు వేళ్లు తగిలింది. మూత్రంలో పుల్ల పరీక్షకు రక్తం బాగా పాజిటివ్, కానీ సూక్ష్మదర్శినిలో ఎర్రకణాలు లేవు. అంటే రక్తనాళాల్లోనే కణాలు పగిలి హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతోంది. క్రియాటినిన్ మామూలుగానే ఉంది.

మూడు కారణాలు ఎదురుగా ఉన్నాయి. తీవ్రమైన ఫాల్సిపారం, సికిల్ సెల్, మందు వల్ల కణాలు పగలడం. ఆ రోజు స్లయిడులో పరాన్నజీవులు లేవు, కాబట్టి మొదటిది నిలవలేదు. సికిల్‌కు సాల్యుబిలిటీ పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. హిమోగ్లోబిన్ ఇంత తక్కువున్నప్పుడు మామూలు మోతాదు రక్తంతో ఈ పరీక్ష చేస్తే ఉన్నదాన్ని లేదని చూపించే ప్రమాదం ఉంది, అందుకే రక్తం రెట్టింపు వేసి చేశారు.

ఇక్కడ రెండో తప్పు. కేస్ షీటులో ‘సికిల్ క్రైసిస్’, అంటే సికిల్ రోగం ముదిరిందని, ఎక్కింది. ఆదివాసీ పిల్లవాడు, రక్తహీనత, సికిల్ పాజిటివ్: కథ సరిపోయినట్టే కనిపిస్తుంది. సాల్యుబిలిటీ పరీక్ష సికిల్ ఉందని మాత్రమే చెబుతుంది, రోగమో వాహకత్వమో చెప్పదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ రక్తం ఎక్కించక ముందే ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) గొట్టంలో 2 మిల్లీలీటర్లు అదనంగా తీసి పెట్టారు. ఈ కేసులో అన్నింటికంటే విలువైన పని అది. దాత రక్తం కలిశాక హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్ష) మీద గానీ జీ6పీడీ మీద గానీ మూడు నెలలు నమ్మకం పెట్టుకోలేం. ఆ గొట్టం మీద చేసిన హెచ్‌పీఎల్‌సీలో హిమోగ్లోబిన్ ఎస్ 34 శాతం, మిగతాది ఎక్కువగా ఏ. అంటే వాహకుడే. సికిల్ వాహకుడికి ఇలా కణాలు పగలవు. పైగా వాహకులకు తీవ్రమైన ఫాల్సిపారం నుంచి కొంత రక్షణ ఉంటుంది.

ప్యాక్డ్ సెల్స్ (దాత ఎర్రకణాలు) కిలోకు 10 మిల్లీలీటర్ల లెక్కన 180, నాలుగు గంటల్లో ఎక్కించారు. ఊపిరీ నాడీ గమనిస్తూ, మూత్రం గంటకు కిలోకు 1 మిల్లీలీటరు తగ్గకుండా చూశారు. ప్రైమాక్విన్ ఆపేశారు. ఆరో రోజుకు మూత్రం తేటపడింది.

జీ6పీడీ ‘నార్మల్’ వచ్చింది

అదే గొట్టం మీద ఫ్లోరసెంట్ స్పాట్ పరీక్ష కూడా చేశారు. ఎంజైము ఉన్న రక్తం చుక్క అతినీలలోహిత దీపం కింద మెరుస్తుంది, లేనిది మెరవదు. ఈ చుక్క మసకగా మెరిసింది. రిపోర్టులో ‘నార్మల్’ అని రాశారు.

ఇది చాలామంది పడే గొయ్యి. జీ6పీడీ లోపంలో ముందు పగిలేవి ముసలి కణాలు, ఎందుకంటే వాటిలో ఎంజైము దాదాపు అడుగంటిపోయి ఉంటుంది. అయిదో రోజుకు ఒంట్లో మిగిలింది లేత కణాలు, వాటిలో ఎంజైము కాస్త ఎక్కువ. ఈ పిల్లవాడి రెటిక్యులోసైట్లు, అంటే అప్పుడే పుట్టిన లేత ఎర్రకణాలు, 9 శాతం. కణాలు పగులుతున్న వేళ చేసే పరీక్ష పగిలిపోయినవాటి గురించి ఏమీ చెప్పలేదు. అలాంటప్పుడు ‘మసక’ అన్న మాటను రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయాలి. ‘నార్మల్’ అన్న ముద్ర పడితే తర్వాత చూసే డాక్టరు ధైర్యంగా మళ్లీ ప్రైమాక్విన్ రాస్తారు.

కుటుంబాన్ని పరీక్షిద్దామని అనుకున్నారు. మంచి ఆలోచనే, కానీ పక్కనే ఉన్న తండ్రి రక్తం తీశారు. బాగా మెరిసింది. ‘కుటుంబంలో లోపం లేదు’ అని రాశారు. ఇది మూడో తప్పు. జీ6పీడీ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. కొడుకుకు ఎక్స్ వచ్చేది తల్లి నుంచే, తండ్రి ఇచ్చేది వై. తండ్రి రక్తం ఎంత మెరిసినా కొడుకు సంగతి తెలియదు. తల్లికి రెండు ఎక్స్‌లు ఉంటాయి, ఒకటి బాగుంటే ఆమె స్పాట్ పరీక్ష నార్మల్‌గానే రావచ్చు. తమ్ముడిని పరీక్షిస్తే నార్మల్. అదీ ఏమీ తేల్చదు, తల్లి వాహకురాలైతే ఒక్కో కొడుకుకూ సగం సగం అవకాశం. తల్లివైపు మగవాళ్లను చూడాలి: మేనమామలు, పెద్దమ్మ, పిన్నమ్మల కొడుకులు.

అక్టోబరులో మూడో జ్వరం

స్లయిడులో వైవాక్సే. ఇంట్లో మిగతా ఎవరికీ జ్వరం లేదు, చికిత్స జరిగి ఏడు వారాలయింది. కొత్త దోమకాటు కంటే కాలేయంలో దాగిన పరాన్నజీవి తిరగబెట్టడమే నమ్మదగ్గ వివరణ. దాన్ని కాలేయంలోంచి తుడిచేసే మందు మన చేతిలో ప్రైమాక్విన్ ఒక్కటే.

ప్రైమాక్విన్ రాయబోయే ముందు స్థానిక కోయ ఆశా తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఆమెకు అర్థమయ్యే మాటలో అడిగారు: ‘అక్కా, మీ అన్నదమ్ముల్లో ఎవరికైనా జ్వరం మాత్ర మింగాక మూత్రం నల్లగా వచ్చిందా?’ తల్లి వెంటనే చెప్పింది. తన తమ్ముడికి, సరిహద్దు అవతల, జ్వరాల పరీక్షలకు వచ్చిన బృందం మాత్రలిచ్చాక అలాగే అయింది, నాలుగు రోజులు లేవలేదు. బస్తర్‌లో 2020 నుంచి జ్వరం లేనివాళ్లకూ ఇంటింటా పరీక్షలు చేస్తున్నారు. అక్కడి కార్డులో అతని సంగతి రాసి ఉన్నా, ఇక్కడి రిజిస్టరుకు అది చేరే దారి లేదు.

అందుకే ఆ జ్వరానికి, రక్తంలోని పరాన్నజీవిని మాత్రమే చంపే క్లోరోక్విన్ ఒక్కటే ఇచ్చాం. మొత్తం కిలోకు 25 మిల్లీగ్రాములు, 18 కిలోలకు 450. 150 మిల్లీగ్రాముల మాత్రల్లో ఒకటింబావు, ఒకటింబావు, మూడో రోజు అర. మళ్లీ తిరగబెడుతుందని తెలిసే ఇచ్చాం, తల్లికీ అలాగే చెప్పాం. హిమోగ్లోబిన్ 9 దాటని పిల్లవాడికి ఇంకో జ్వరం కంటే ఇంకోసారి కణాలు పగలడమే ప్రమాదం. డిసెంబరు మొదటి వారంలో తిరగబెట్టింది, మళ్లీ క్లోరోక్విన్ ఇచ్చాం.

జనవరిలో మేనమామ మిర్చి ఏరడానికి వచ్చాడు. మిర్చి కల్లం దగ్గరే అతని రక్తం తీశారు. స్పాట్ పరీక్షకు రక్తం ఎండలో తిరిగితే ఎంజైము చచ్చిపోయి లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది. ఐస్ ప్యాకులున్న వ్యాక్సిన్ క్యారియర్‌లో, గొట్టం నేరుగా మంచుకు తగలకుండా గుడ్డ చుట్టి పెట్టాలి. అదే పెట్టెలో నార్మల్ అని ముందే తెలిసిన మనిషి రక్తం ఇంకో గొట్టం ఉండాలి. అది మెరవకపోతే ఆ రోజు ఫలితాలన్నీ పారేయాలి. తోడుగా పెట్టిన గొట్టం మెరిసింది, మేనమామది మెరవలేదు. అదే నెలలో, రక్తం ఎక్కించి నాలుగు నెలలు దాటాక, పిల్లవాడికి మళ్లీ చేస్తే అతనిదీ మెరవలేదు.

ఎనిమిది వారాలు

జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు 14 రోజుల కోర్సు కుదరదు. వారానికి ఒకసారి కిలోకు 0.75 చొప్పున ఎనిమిది వారాలు, కళ్లముందు మింగించి, రక్తం చూస్తూ ఇవ్వవచ్చు. రెండు మోతాదుల మధ్య ముసలి కణాలు పోయి లేతవి వస్తాయి, అవి తర్వాతి మోతాదును తట్టుకుంటాయి. అప్పటికి బరువు 19 కిలోలు, 7.5 మిల్లీగ్రాముల మాత్రలు రెండు, అంటే 15 మిల్లీగ్రాములు.

మందు సరే, మనిషి దొరకాలి కదా. జనవరి నుంచి మార్చి దాకా కుటుంబం గుంపులో ఉండదు, మిర్చి చేలో టార్పాలిన్ గుడారంలో ఉంటుంది, చేను అయిపోతే ఇంకో ఊరికి మారుతుంది. ఇంటి చిరునామాతో వెతికితే ఎనిమిది వారాల్లో రెండు కూడా పూర్తికావు. కుటుంబం ఏ ఊళ్లో ఉన్నా తప్పకుండా కదిలే రోజు సంత రోజు. మోతాదును ఆ రోజుకు కట్టాం. ఉదయం జావ తాగించి, అరగంట ఆగి మాత్ర. ఖాళీ కడుపున వేస్తే కడుపునొప్పి వచ్చి వాంతి చేసుకుంటాడు. ముఠా మేస్త్రీ ఫోను నంబరు ఆశా దగ్గర ఉంది. చేను మారేటప్పుడు కబురు అతనిదే. తర్వాతి ఊరి ఆశాకు ఈ ఆశా స్వయంగా ఫోన్ చేసి అప్పగించారు. కార్డు తల్లి దగ్గరే ఉంది. అక్షరాల బదులు మూడు సీసాల బొమ్మలు: నీళ్ల రంగు, పసుపు, డికాషన్. మూడోది వస్తే మాత్ర ఆపి వెంటనే రావాలి.

మొదటి మోతాదుకు ముందు హిమోగ్లోబిన్ 9.4. మూడో రోజు 8.7. రెండో మోతాదు తర్వాత మూడో రోజు 8.1, అదే అన్నిటికంటే తక్కువ. మొదటి నాలుగు మోతాదులకు మూడో రోజూ ఏడో రోజూ చూశాం, తర్వాత వారానికోసారి. 2 గ్రాములకు మించి పడినా, 7 కంటే తగ్గినా, మూత్రం రంగు మారినా ఆపాలని ముందే రాసుకున్నాం. అవసరం రాలేదు. ఎనిమిదో మోతాదు మార్చిలో అయింది, అప్పుడు 9.5. వర్షాకాలం దాటాక 10.6, బరువు 21. జ్వరం తిరగబెట్టలేదు.

గుంపులో జరిగింది

పిల్లవాడు ఆసుపత్రిలో ఉన్న వారంలోనే గుంపు మొత్తం ప్రైమాక్విన్ మింగడం మానేసింది. మొదట వెళ్లినవాళ్లు ‘ఈ మాత్రతో ఏమీ కాదు’ అని నచ్చజెప్పారు. కళ్లముందు ఒక పిల్లవాడు చావుదాకా వెళ్లొచ్చాక ఆ మాట ఎవరు నమ్ముతారు? నమ్మకపోవడమే న్యాయం. తర్వాత తల్లి ఒప్పుకున్నాక, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాం. ఈ మాత్ర ఎక్కువమందికి మంచిది, తల్లివైపు నుంచి వచ్చే ఒక లోపం ఉన్న కొందరికి రక్తం పగులుతుంది, ఈ పిల్లవాడికి మోతాదు కూడా ఎక్కువ ఇచ్చాం, అది మా తప్పు. మూత్రం నల్లబడితే మాత్ర ఆపండి, కబురు పెట్టండి, ఎవరూ కోప్పడరు. ఆ తర్వాతి నెల నుంచి మాత్రలు మళ్లీ మొదలయ్యాయి.

ఇప్పుడు ఆ ఉపకేంద్రంలో వైవాక్స్ స్లయిడు వచ్చిన ప్రతి ఒక్కరినీ తూచి, ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందు మేనమామ ప్రశ్న అడుగుతున్నారు. ఆడవాళ్లనైతే సొంత అన్నదమ్ములతో పాటు తండ్రి గురించీ అడగాలి, తండ్రి ఎక్స్ కూతురికి తప్పక వస్తుంది. మూడో రోజు, ఏడో రోజు ఇంటికి వెళ్లి మూత్రం రంగు అడుగుతున్నారు. పరీక్ష పెట్టె ప్రతిచోటా ఉండదు, ఈ మూడు పనులకు పెట్టె అక్కర్లేదు. ‘వాళ్ల రక్తమే అంత’ అనే మాట సమీక్షల్లో వినిపిస్తుంది. ఈ పిల్లవాడి రక్తంలో లోపం ఉన్న మాట నిజమే. అతన్ని 4.6కు దించింది దానితో పాటు తూచకుండా ఇచ్చిన మాత్ర, సరిహద్దు దాటని ఒక కార్డు.

తల్లికి ఇద్దరు అక్కచెల్లెళ్లు వేరే గుంపుల్లో ఉన్నారు, వాళ్లకు నలుగురు మగపిల్లలు. ఇద్దరిని పరీక్షిస్తే ఒకడిది మెరవలేదు. మిగతా ఇద్దరూ తమ తల్లితో పాటు మిర్చి పనికి వేరే మండలానికి వెళ్లారు. వాళ్ల పేర్లు, మేస్త్రీ నంబరు అక్కడి ఆశా దగ్గర ఉన్నాయి.